పరీక్షకు ముందు పద్నాలుగు బిందెలు

"నీ కాళ్ల పసుపంతా నా బూట్లకు అంటుతది. ఇయ్య అంటే ఇయ్య" అని పూజ తన తెల్ల కాన్వాసు బూట్లను చంకలో పెట్టుకుంది.

"ఒక్క పూటకేనే. చెప్పులతోని దవాఖానల ఆ మిషను మీద నడవనియ్యరట" అంది తల్లి దుర్గాబాయి, గుమ్మం పట్టుకొని ఊపిరి తీసుకుంటూ.

"సాక్సులన్న ఏసుకుంటవా మరి?"

"నాకేడియే సాక్సులు?"

"నాయినయి ఏసుకో."

లోపల్నుంచి సిద్దిరాములు అరిచాడు. "నాకున్నయే ఒక్క జత! అండ్ల ఒకటి చినిగింది."

చివరికి ఆ చినిగిన సాక్సుతోనే రాజీ కుదిరింది. కండ్లకోయ ఇంజినీరింగు కాలేజీ బస్సు హారన్ వినబడగానే పూజ బూట్లు గుమ్మంలో పడేసి, చెప్పులు తొడుక్కొని మెట్లు దిగి పరుగెత్తింది.

మేడ్చల్‌లో వాళ్లది మేడ మీది వాటా. నల్లా కింద వాకిట్లో ఉంది. రోజు విడిచి రోజు తెల్లవారుజామున గంటసేపు నీళ్లు వస్తాయి. రెండు నెలలుగా బిందె ఎత్తుకొని ఆరో మెట్టు మీదికి వచ్చేసరికి దుర్గాబాయికి రొమ్ము మీద ఎవరో మోకాలు ఆనించినట్టు ఉంటోంది. నిలబడితే తగ్గుతుంది. "పొద్దుందాంక తిరిగేదానివి, నీకేం గుండెజబ్బు?" అన్నాడు సిద్దిరాములు మొదట్లో. హైవే మీద అతనిది వెల్డింగు షాపు. ఒకనాడు ఆమె సగం మెట్ల మీదే బిందె దించి కూలబడితే, అప్పుడు భయపడి డాక్టరుకు చూపించాడు. నడిపించి గుండెను చూసే పరీక్ష ఒకటి సికింద్రాబాదులో చేయించుకొమ్మని, అది గుండెజబ్బో ఒట్టి నీరసమో దాంతో తెలుస్తుందని ఆ డాక్టరు చెప్పాడు.

దుర్గాబాయికి కావలసిందీ అదే. రావల్కోల్‌లో ఆమె అన్న పర్వతాలు నలభై ఆరేళ్లకే పొలంలో నాగలి పట్టుకొని ఉన్నవాడు ఉన్నట్టే ఒరిగిపోయాడు. ఆమెకిప్పుడు నలభై ఐదు.

తను లేకపోతే పొద్దంతా ఇంట్లో ఏ పనీ కదలదని ఆమె అన్ని పనులూ ముగించుకొనే బయలుదేరింది. పద్నాలుగు బిందెలు మోసింది. ఇల్లూ వాకిలీ ఊడ్చింది, బట్టలు పిండింది, ఇద్దరికీ అన్నం డబ్బాలు కట్టింది. ఇవాళ వద్దులెమ్మని ఇంట్లో ఎవరూ అనలేదు. ఆమెకూ తోచలేదు. షుగరు పరీక్షలాగే దీనికీ పరగడుపున ఉండాలనుకొని, ముందురోజు సాయంత్రం నుంచి చాయ్ కూడా తాగలేదు.

సికింద్రాబాదు దవాఖానలో ఒంటికి వైర్లు తగిలించి, కొంగు బొడ్లో దోపించి, కదిలే పట్టా మీద నిలబెట్టారు. మూడో నిమిషానికే కాళ్లు తేలిపోయాయి. కళ్లకు చీకట్లు కమ్మాయి. మిషను ఆపేశారు.

డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది. "ఎక్కకముందే నీ గుండె నిమిషానికి నూటెనిమిది కొట్టుకుంటుంది. పొద్దున్నుంచి ఏం చేసినవమ్మా?"

దుర్గాబాయి చెప్పింది. ఒక్కటీ వదలకుండా చెప్పింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "పరీక్ష ఇంటికాడనే రాసొచ్చినవ్ గదా! చూడమ్మా, ఊకె కూసున్నప్పుడు గుండె నిమిషానికి అయిదు లీటర్ల నెత్తురు పంపుతది. మెట్లెక్కితే కాళ్లకు ఎక్కువ గావాలె. అప్పుడది జోరు పెంచి మూడింతలు పంపుతది. కడుపుకు పోయే నెత్తురు తగ్గి, కాళ్లకు మళ్లుతది."

"మా నల్లాల వాల్వు తిప్పేటాయన లెక్క. మా గల్లీ బంద్ జేసి పక్క గల్లీకి ఇడుస్తడు."

"మంచిగ జెప్పినవ్. పని ఆపినంక అది మళ్ల నిమ్మళపడాలె. నువ్వు దానికి ఆ టైమే ఇయ్యలే. నీకు జబ్బుందో, అలసట్నో ఈ కాయితం జూసి నేను చెప్పలేను. వచ్చే బేస్తారం మళ్ల రా. మూడు గంటల ముందు రెండు ఇడ్లీలు తిను. ముందురోజు సాయంత్రం నుంచి ఏ పని చెయ్యకు. అందాక బిందెలు మొయ్యకు. ఊకె కూసున్నప్పుడు నొప్పొస్తే మాత్రం ఆగకుండ రావాలె."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బొల్లారం దాటేదాకా దుర్గాబాయి బూట్లు విప్పాలని కూడా అనుకోలేదు. అన్నకు పట్టుకున్నదే తనకూ పట్టుకుందా అని అడగడానికి పోయి, అడగకుండానే తిరిగి వస్తున్నట్టు అనిపించింది.

రాత్రి అన్నాలకు కూర్చున్నప్పుడు సిద్దిరాములు అడిగాడు. "ఏమన్నరు?"

"ఏం దేలలే. బేస్తారం మళ్ల రమ్మన్నరు."

"బేస్తారమా? ఆ దినం నల్లా వస్తది గదనే. శుక్రారం రమ్మంటరేమో అడుగు."

"అవునమ్మా, శుక్రారమైతే మంచిగుంటది" అంది పూజ. "నల్లా అయిదింటికే వస్తది, నాకు అప్పుడు లేవరాదు."

దుర్గాబాయి ఇద్దరి కంచాల్లోకీ చారు పోసింది. తన కంచం కూడా తెచ్చుకొని, ఏ రోజూ లేనిది, వాళ్లతో పాటే కూర్చుంది.

"బేస్తారమే పోత" అంది, గొంతు పెంచకుండా. "బుధారం పొద్దుగూకినంక నేను చీపురు పట్ట, పొయ్యి ముట్టియ్య. దవాఖానకు పోయేదాంక మంచం మీద కూసుంట. బిందెలైతే ఇగ ఎల్లుండిసంది మీరిద్దరే మొయ్యాలె. మొయ్యకుంటే ఇంట్ల నీళ్లుండయి."

అని అన్నం కలుపుకుంది.