పరీక్షకి రాని పేజీలు

మా మామగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఏ తప్పూ చేయరు. ఇది పొగడ్త అనుకునేవాళ్లు ఒక వారం మా ఇంట్లో ఉండి చూడాలి. తప్పు చేయని మనిషి ఒకరుంటే, ఆ ఇంట్లో జరిగే తప్పులన్నీ మిగిలినవాళ్లే పంచుకోవాలి. ఆయన చెయ్యి తగిలి గ్లాసు పడితే, అక్కడ గ్లాసు పెట్టినవాళ్లది తప్పు. ఆయన గొడుగు బస్సులో మర్చిపోతే, మధ్యలో ఆగిపోయిన వానది తప్పు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు గానీ ఎర్ర పెన్ను రిటైర్ కాలేదు. శుభలేఖలు దిద్దుతారు. మందుల డబ్బాలో మడిచిపెట్టిన కాగితం దిద్దుతారు. ఒకసారి నేను ఫ్రిజ్ మీద అంటించిన సరుకుల చీటీలో ఒత్తులు సరిచేసి, కింద సంతకం కూడా పెట్టారు. సరుకులు మాత్రం నేనే తెచ్చుకున్నాను.

ఆయన దిద్దుబాటుకి లొంగని విద్యార్థి ఒక్కరే, మా అత్తగారు. ఆవిడ లోకం గూఢచారి నవలలు. అవి కూడా ఏవి పడితే అవి కావు. అట్ట మీద ఓవర్‌కోటు వేసుకున్న మగాడు, వెనక్కి తిరిగి చూసే అమ్మాయి, దూరంగా ఒక ఓడ ఉండాలి. ఓడ లేకపోతే కనీసం రైలు. అంటే కథ పాతకాలం యుద్ధంలో జరగాలి, అందులో ఒక ద్రోహి ఉండాలి, ఆ ద్రోహిని వెతికే ఇద్దరూ ఒకరికొకరు మనసులో మాట చెప్పుకోలేకపోవాలి.

"చరిత్రని ఖూనీ చేసి, పైన ప్రేమ పూత పూస్తారు" అనేవారు మామగారు.

"ఒట్టి చరిత్రయితే నిద్రొస్తుంది. ఒట్టి ప్రేమయితే సిగ్గేస్తుంది. ఒట్టి హత్యలయితే భయమేస్తుంది" అనేవారు అత్తయ్య, పేజీలోంచి తలెత్తకుండానే. "మూడూ కలిస్తే మాత్రం పాలు పొంగిపోతాయి."

నిజంగానే పొంగేవి. మా స్టవ్ మీదున్న మరకలన్నిటికీ ఒక్కో నవల పేరు పెట్టొచ్చు.

ఆవిడకి ఒక పద్ధతుంది. పుస్తకం సగానికి రాగానే ద్రోహి ఎవరో చీటీ మీద రాసి, వెనక అట్టలో దోపేస్తారు. పుస్తకం అయ్యాక తీసి చూస్తారు. నలభై ఏళ్లలో రెండే రెండుసార్లు తప్పారు. ఆ రెండుసార్లూ రచయితదే పొరపాటని ఆవిడ నమ్మకం. ఈ విషయంలో మాత్రం భార్యాభర్తలిద్దరూ ఒకటే.

ఒకసారి బఠాణీలు ఒలుస్తూ నాతో అన్నారు. "పెళ్లయిన కొత్తలో మీ మామయ్యకి వేరే ఊళ్లో ఉద్యోగం. ఆరు కార్డులు రాశారు. ఇక్కడ వాన పడుతోంది, తొమ్మిదో తరగతిలో హాజరు బాగుంది, ఇట్లు. నేను అప్పటికే ఈ నవలలు చదువుతున్నానేమో, ఇంత పొడిగా ఎవరైనా రాస్తారా, లోపల ఏదో ఉండుంటుందని వాక్యాల మొదటి అక్షరాలన్నీ కలిపి చూశాను."

"ఏమొచ్చింది అత్తయ్యా?"

"ఏముంది, వాన పడుతోందనే వచ్చింది."

కిందటి నెల ఆవిడ కుడి కంటికి శుక్లం ఆపరేషనయింది. ఎడమ కంటికి రెండు వారాల తర్వాత గురువారం అని డాక్టరు తారీకు ఇచ్చాడు. అప్పటిదాకా కుడి కంటి మీద ప్లాస్టిక్ మూత, ఎడమ కంట్లో పొర. అక్షరం ముక్క చదవడానికి లేదు. అప్పుడే కొత్తగా తెప్పించుకున్న ఆరొందల పేజీల నవల, 'రేవులో నాలుగో దీపం', బల్లమీద కూర్చుని ఆవిడ వైపు చూస్తోంది.

చదివి పెట్టడం నాకు చేతకాక కాదు. కానీ నాకు పనుందన్నాను. పనేమీ లేదు. నలభై ఏళ్లుగా చెత్త అని తిట్టిన రకం పుస్తకాన్ని మామగారు గొంతెత్తి చదువుతుంటే వినాలని చిన్న కోరిక, అంతే.

రోజూ నాలుగింటికి క్లాసు మొదలయ్యేది. ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కునేవారు. ఆవిడ మంచమ్మీద దిండుకి ఆనుకుని కళ్లు మూసుకునేవారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, అప్పటికే మూడుసార్లు తుడిచిన గిన్నెలు తుడిచేదాన్ని.

కథ బాగానే పట్టింది. ఒక రేవు పట్నం, బయట యుద్ధం. మన ఓడ ఎప్పుడు బయల్దేరినా శత్రువుకి ముందే తెలిసిపోతోంది. కబురు చేరవేసేది నౌకాధికారి బంగళాలో మనిషే. డాక్టరా, గుమస్తానా, వంటవాడా, తోటమాలా? ఆ సంగతి తేల్చడానికొచ్చిన కెప్టెన్‌కి టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి సాయం.

మామగారు యుద్ధం గురించి ఉన్నచోట గొంతు పెంచి, రెండు మూడు తేదీలు సొంతంగా కలిపి మరీ చదివేవారు. ఆ అమ్మాయి వచ్చేసరికి మాత్రం రైలు చిన్న స్టేషన్లో ఆగనట్టు దాటిపోయేవారు. "జూలై ఒకటిన కెప్టెన్ ఆమెకి ఉత్తరం రాశాడు. మామూలే. ఇక తరువాతి అధ్యాయం."

సగం పుస్తకం అయింది. అత్తయ్య చీటీ రాయమన్నారు. డాక్టరని రాశాను. మర్నాడు కొట్టేసి గుమస్తా అనమన్నారు. ఆ మర్నాడు మళ్లీ డాక్టరు.

"ఏమండీ, ఆ అమ్మాయి ఉన్నపళంగా రేవుకెందుకు పరిగెత్తింది? ఆవిడకెవరు చెప్పారు?"

"చెప్పాను కదోయ్, నువ్వే మర్చిపోయావు."

"ఎప్పుడు చెప్పారు?"

"మొన్ననే. నువ్వే మర్చిపోయావు."

ఆ మాట ఆయన ఇదివరకు వందసార్లు అని ఉంటారు. తాళాలు పోయినా, కళ్లజోడు పోయినా అదే మాట. ఆవిడ కూడా వందసార్లు "ఆహా, అలాగే" అని ఊరుకున్నారు. ఈసారి మాత్రం ఊరుకోలేదు. చీటీ అడిగి తీసుకుని, వేళ్లతో తడిమి, నాలుగు ముక్కలు చేసి నా చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే అత్తయ్య పిలిచారు. "గురువారం ఆపరేషను వద్దని డాక్టరుకి చెప్పెయ్ రా."

"అదేంటమ్మా? మొదటిది బాగానే కుదిరింది కదా!"

"కన్ను కుదిరింది. బుర్రే పోతోంది. మా అక్కయ్యకి ఇలాగే మొదలయింది. ముందు కథలు మర్చిపోయింది, తర్వాత మమ్మల్ని మర్చిపోయింది. చదివింది నిలవనప్పుడు, చదవడానికి కళ్లెందుకు?"

మా ఆయన నావైపు చూశారు. నేను మామగారి వైపు చూశాను. ఆయన పేపర్ వైపు చూశారు. పేపర్ తలకిందులుగా ఉందని దిద్దే ధైర్యం నాకు అప్పుడు లేకపోయింది.

మర్నాడు పొద్దున ఆయన నడకకి వెళ్లగానే నవల తెరిచాను. ఒకరి పుస్తకం వాళ్లు లేనప్పుడు తెరవడం తప్పే. కానీ మా ఇంట్లో తప్పులన్నీ ఎలాగూ నా ఖాతాలోనివే, ఇంకొకటి చేరితే బరువేమీ కాదు.

పుస్తకం నిండా బ్రాకెట్లు. టెలిగ్రాఫ్ అమ్మాయి కనబడ్డ ప్రతిచోటా పేరాలకి పేరాలు బంధించి, పక్కన మార్జిన్లో గుండ్రటి దస్తూరీతో 'పరీక్షకి రాదు' అని రాసి ఉంది. ముప్పై నాలుగేళ్లు పాఠ్యపుస్తకాల్లో రాసిన చెయ్యి కదా. నూట ఎనభయ్యో పేజీ నుంచి నాలుగు పేజీలు మొత్తం పరీక్షకి రావు. అందులో కెప్టెన్ ఆ అమ్మాయితో నాలుగో దీపం కింద చెబుతాడు. మన ఉత్తరాలన్నీ ఎవరో విప్పి చదువుతున్నారు. అందుకని నిజమైన కబురుంటే క్యాలెండర్లో లేని తేదీ వేస్తాను. అప్పుడు వాక్యాల మొదటి అక్షరాలు కలుపుకో, అని.

గబగబా పేజీలు తిప్పాను. మూడొందల పన్నెండులో ఉత్తరం. పైన అచ్చులో జూన్ 31. దాన్ని ఎర్రగా కొట్టేసి, జూలై 1 అని దిద్ది, పక్కన 'అచ్చుతప్పు! వీళ్లకి క్యాలెండర్ లేదా?' అని రాశారు. చదవదలచుకోని ఉత్తరానికి కూడా తేదీ దిద్దిన మహానుభావుడు లోకంలో మా మామగారొక్కరే.

నడక నుంచి రాగానే కాఫీతోపాటు ఆ పేజీ కూడా ఆయన ముందు పెట్టాను. చదివారు. నూట ఎనభై తీశాను. అదీ చదివారు. కాఫీ చల్లారింది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా" అన్నారు చివరికి. "సిలబస్ తగ్గించాను."

"తగ్గిస్తే తగ్గించారు మామయ్యగారూ. నువ్వే మర్చిపోయావు అన్నది ఏ సిలబస్?"

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. "నువ్వు వంటింట్లోనే ఉంటావు. కోడలు వింటుండగా, 'నీ జ్ఞాపకమే నాకు గొడుగు' అని మీ అత్తయ్య ఎదురుగా కూర్చుని ఎలా చదవను?"

ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత ముద్దొచ్చింది అదే మొదటిసారి. అయినా మొహం బిగించుకునే ఉన్నాను.

"ఇవాళ నాలుగింటికి నేను మిక్సీ వేసుకుంటాను. ఏమీ వినపడదు. కానీ ఆ నవలలో ద్రోహిని పట్టుకోవడం కంటే ముఖ్యమైన పని ఒకటుంది, అది మీరే చేయాలి. నేను చెబితే అత్తయ్య నమ్మరు. నన్ను ఓదార్చడానికి అంటున్నావమ్మాయ్ అంటారు. మీరు ఓదార్చే రకం కాదని ఆవిడకి తెలుసు."

నాలుగయింది. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"ఇవాళ పునశ్చరణ" అన్నారు మామగారు.

"ఎందుకండీ, మళ్లీ మర్చిపోవడానికా?"

"విను ముందు. కెప్టెన్ ఉత్తరం." గొంతు సవరించుకున్నారు. "జూలై ఒకటి..."

గుమ్మంలోంచి దగ్గాను. గట్టిగానే.

"జూన్..." అన్నారు. తన ఎర్ర దిద్దుబాటుని బొటనవేలితో మూశారు. "జూన్ ముప్పై ఒకటి."

అత్తయ్య భుజం కదిలింది. "ఎంతా?"

"ముప్పై ఒకటి."

ఆవిడ మెల్లగా ఇటు తిరిగారు. "జూన్‌కి ముప్పయ్యే కదండీ. తెలిసి తెలిసి లేని తేదీ వేశాడంటే, లోపల ఏదో ఉంది. చదవండి. ఆగి ఆగి చదవండి."

ఆయన చదివారు. క్లాసు గొంతు కాదది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"తోడు లేని ఈ ఊళ్లో నీ జ్ఞాపకమే నాకు గొడుగు.

"టపా వచ్చే వేళకి నా గుండె వెళ్లి గుమ్మంలో నిలబడుతుంది.

"మాటలు నీ ఎదుట ఒక్కటీ రావు.

"లిఖించడం మొదలుపెడితే మాత్రం ఆగనే ఆగవు."

మిక్సీ వేస్తానన్న సంగతి నేను మర్చిపోయాను. మతిమరుపు మా ఇంట్లో ఒక్కరి సొత్తు కాదు.

అత్తయ్య వేళ్లు దుప్పటి మీద ఒక్కొక్కటే మడుస్తున్నారు. "తో... ట... మా..." లేచి కూర్చున్నారు. "తోటమాలి! ఏమండీ, తోటమాలి! రోజూ సాయంత్రం మేడమీద కుండీలు మార్చేది వాడే కదా! ఎర్రపూల కుండీ గోడమీద పెట్టిన మర్నాడే ఓడ మునిగేది! అందుకే ఆ అమ్మాయి రేవుకి పరిగెత్తింది! ఇంత పాత ఎత్తు నేను పట్టుకోలేకపోవడమేంటి, దీన్ని చిన్నపిల్లలు కూడా..."

అక్కడ ఆగిపోయారు. మొహంలో వెలుగు అలాగే ఉండి, దాని వెనక భయం మళ్లీ వచ్చి కూర్చుంది.

"ఏమండీ. ఈ ఉత్తరం నాకు ఇదివరకు చదివారా?"

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"చదివే ఉంటారు. నేనే మర్చిపోయానా?"

చదివానంటే చాలు, ఆయన రికార్డు చెక్కుచెదరదు. నేను తుడుస్తున్న గిన్నె నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆయన పుస్తకం మూశారు. మళ్లీ తెరిచారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తను దిద్దిన తేదీని తనే కొట్టేశారు. ఆవిడకి అది కనపడదని గుర్తొచ్చిందేమో, పెన్ను పక్కన పెట్టి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నారు.

"చదవలేదోయ్. సిగ్గేసి వదిలేశాను. వదిలేసి, నువ్వే మర్చిపోయావన్నాను. నీ బుర్ర నిక్షేపంగా ఉంది."

"అంటే?" అన్నారు అత్తయ్య. ఆవిడ చెవులకి ఏ ఆపరేషనూ అవసరం లేదని నాకు తెలుసు. అయినా ఆ మాట పూర్తిగా వినాలని ఆవిడకి ఉంది, నాకూ ఉంది.

మామగారు వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూశారు. నేను కదల్లేదు.

"అంటే, తప్పు నాది" అన్నారు, గది మొత్తం వినబడేలా. "జూన్ నెలకి ముప్పై ఒకటో తారీకు ఉంది."