దారంతో కట్టిన పేజీ

పేతురు మానిటరు మీది గుడ్డ తీసి, నాలుగు మడతలు వేసి, ఎప్పటిలాగే బల్ల సొరుగులో పెట్టాడు. అది ఒకప్పుడు అతని భార్య కట్టిన నేతచీర కొంగు. కీబోర్డు మీద రాత్రి రాలిన సున్నపు పెళ్లను ఊదాడు. స్విచ్చి వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ యంత్రం మేలుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అయిదేళ్లుగా ఆ రెండు నిమిషాలూ అతను మరే పనీ పెట్టుకోలేదు.

తెర మీద మబ్బులు కనిపించాయి. ఆ శనివారం ఉదయం అతను వాటి వంక కాస్త ఎక్కువసేపు చూశాడు. సాయంత్రం నాలుగు గంటలకు కొత్తపేట నుంచి సాయిదుర్గాప్రసాద్ వస్తాడు. వచ్చి, ఈ విండోస్ నైంటీ ఎయిట్ తీసేసి ఎక్స్‌పీ వేస్తాడు. ఆ తరువాత ఈ మబ్బులు ఉండవు.

అమలాపురంలో గడియార స్తంభానికి కొంచెం ఇవతల, ఒక పెంకుటింటి ముందు వసారాలో ఉంటుంది సూర్యకాంతం ప్రెస్సు. సూర్యకాంతం గారు యజమాని బుచ్చిరాజుగారి తల్లి. ఆమె భర్త ఆ ప్రెస్సు పెట్టిన కొత్తల్లో, వారి పొలంలో పాలేరుగా ఉన్న మనిషి తన పదిహేనేళ్ల కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి అప్పగించాడు. ఆ కొడుకుకు ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. ఏళ్ల తరబడి సీసపు అక్షరాలు పట్టినందువల్ల కుడిచేతి బొటనవేలి కొస, చూపుడువేలి కొస చదునై, బూడిదరంగు తేలి ఉంటాయి. అక్షరాలు వరుసగా పేర్చే కంపోజింగు స్టిక్కు మోసిన ఎడమ భుజం ఒక అంగుళం కిందికి దిగి ఉంటుంది. చొక్కా జేబులో కళ్లద్దాల పెట్టె, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు.

చేరిన రోజుల్లో అతనికి ఇచ్చిన పని కూర్చడం కాదు, విప్పడం. అచ్చు అయిపోయిన పేజీని విప్పి, ఏ గడి అక్షరాన్ని ఆ గడిలో వేయాలి. పెళ్లి శుభలేఖ, చావు కార్డు, కోర్టు నోటీసు, ఒకరి పరువు తీసే కరపత్రం — అన్నీ దీపాలు పెట్టే వేళకు విడిపోయి, అవే గడుల్లో, అవే అక్షరాలుగా పడి ఉండేవి. లోకంలో ఎవరి గుట్టయినా సాయంత్రానికి తన వేళ్ల మధ్య నుంచి జారి కరిగిపోతుందన్న నిశ్చింతతోనే అతను దాదాపు నలభై ఏళ్లు బతికాడు. కంప్యూటరు వచ్చాక ఆ నిశ్చింత పోయింది. అది ఏదీ విప్పదు. పెట్టినది పెట్టినట్టు దాచుకుని కూర్చుంటుంది.

పది గంటలకు బుచ్చిరాజుగారు వచ్చారు. గొడుగు దులిపి, గోడకు ఆనించి, బల్ల మీద ఉన్న కాగితాల కట్టను చూసి నవ్వారు. ఎక్స్‌పీ వాడుకోవాలంటే ఒప్పుకోవలసిన షరతుల ఇంగ్లీషు ఒప్పందం అది. ప్రసాద్ చేత అచ్చు వేయించుకుని, పాత నిఘంటువు పక్కన పెట్టుకుని, పేతురు ఎనిమిది రోజులుగా చదువుతున్నాడు.

"ఏం పేతురూ, ఇవాళ్టికైనా నీ పరీక్ష పూర్తయిందా? మా ప్లీడరుగారు కూడా ఇన్నిరోజులు ఏ కాగితమూ చదవరయ్యా."

"ఆయ్, అయిందండి. ఒక్కచోటే ఆగేనండి."

"ఎక్కడ?"

"ఈ మిషను నంబరు ఆ కంపెనీవోళ్లకి చెప్పాలంటండి. ఫోనులోనైనా, నెట్టులోనైనా. నెల్రోజుల్లో చెప్పకపోతే ఆగిపోద్దంటండి. నంబరు ఒక్కటే తీసుకుంటారో, లోపల ఇంకేవైనా చూస్తారో మరి."

"చూస్తే చూడనీ. మన దగ్గరున్నవి శుభలేఖలూ, పెద్దకర్మ కార్డులూను. వాడొచ్చి అప్పనపల్లి పెళ్లి భోజనంలో కూర్చుంటాడా ఏంటి? కూర్చుంటే ఇంకో విస్తరేద్దాం."

పేతురూ నవ్వాడు. రాజుగారి మాటలో అన్యాయమేమీ లేదు. కొత్తగా కొన్న రంగుల ప్రింటరు ఈ పాత సిస్టంతో మాట్లాడనని మొరాయించి రెండు నెలలైంది. రాజమండ్రి నుంచి జనం తెచ్చే సీడీలు ఇందులో తెరుచుకోవు. సోమవారం నుంచి శ్రావణమాసపు ముహూర్తాల పని మొదలవుతుంది. మార్చక తప్పదు. కానీ మారిస్తే పాత తెలుగు అక్షరాల సాఫ్టువేరు కొత్తదానిలో నడవదు. ఇన్నేళ్లూ కొట్టిన మాటలన్నీ అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా తెరుచుకుంటాయి. వాటిని తిరిగి తెలుగు చేసే ఉపాయం ప్రసాద్ దగ్గర ఉంది. అయితే తప్పులు దిద్దడానికి ఎవరో ఒకరు ప్రతి మాటా చదవాలి. పైగా రేపటి నుంచి ఈ బల్ల దగ్గరికి ఇంటర్నెట్ తీగ వస్తుంది.

శుభలేఖలు ఎవరు చదివితేనేం? అతని బాధ వాటి గురించి కాదు. యంత్రంలో పద్నాలుగు కాగితాలు పేర్లు లేకుండా, వట్టి అంకెలతో ఉండేవి. ఏ అంకె ఎవరిదో పేతురుకు ఒక్కడికే తెలుసు. ఒక టీచరుగారి వీలునామా. ఒక ఇల్లాలు వేయాలనుకుని వేయని విడాకుల అర్జీ. ఒక పాస్టరుగారి రాజీనామా — ఆయన దాన్ని నాలుగుసార్లు దిద్దించారు, ఇంతవరకూ ఇవ్వలేదు. రెండు వారాలుగా పేతురు సైకిలెక్కి ఊరూరూ తిరిగి, పదమూడుగురికీ వారి వారి కాగితాలు చేతిలో పెట్టి, యంత్రంలోంచి చెరిపేశాడు. పద్నాలుగోది మిగిలింది. అది అచ్చాయమ్మది.

నాలుగేళ్ల కిందట, ఇలాంటి వానలోనే, అల్లవరం నుంచి బస్సు దిగి తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది ఆమె. ఏడేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన మనిషి. పేతురు వెళ్లే చర్చికే వస్తుంది. షాపులో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, స్టూలు దగ్గరగా లాక్కుంది.

"అన్నయ్యగారండీ, మా అమ్మాయి సుస్మితని నేను కనలేదండి. మా చెల్లి ఎలీసమ్మ కన్నాది."

ఎలీసమ్మ పెళ్లి లేకుండా ఆ ఇంట్లోనే ఉండి వండి పెడుతుంది. సుస్మిత ఆమెను పిన్నీ అని పిలుస్తుంది. తాను బతికి ఉన్నంతకాలం ఆ మాట పిల్లకు చెప్పనని అచ్చాయమ్మ చెల్లెలికి బైబిలు మీద చెయ్యి వేసి మాట ఇచ్చింది.

"మరి నాకు చెప్తన్నావు గదమ్మా."

"మీకు చెప్పడం లేదండి. మీచేత రాయిస్తన్నాను. అది వేరు, ఇది వేరు." అని ఒక్క క్షణం నవ్వి, మళ్లీ ముఖం దించుకుంది. "రేపు నేను పోయేక అమ్మాయి పెళ్లి చేసుకుని తన దారిన పోద్దండి. పిన్నే గదాని దాన్ని ఒదిలేసిపోద్ది. కన్నతల్లని తెలిస్తే ఒదల్దు. అందుకండి."

అచ్చు వేసి ఇస్తానంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కాగితం మీద పెట్టకండి. మా ఇంట్లో నాకొక్కదానికే చదువు రాదు. కాగితానికి ఎక్కడని కాపలా కాయనండి? ఈ పెట్టెలోనే ఉండనివ్వండి. నేను పోయిన రోజున తీసి అమ్మాయికివ్వండి. కాగితం మీద పెట్టనని చెప్పండి."

"పెట్టనమ్మా."

అతను ఇచ్చినది ఆ ఒక్క మాట. నిన్న సాయంత్రం అల్లవరం వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. చెల్లెలిని వెంటబెట్టుకుని కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లిందనీ, శనివారం రాత్రికి వస్తుందనీ పొరుగింటివాళ్లు చెప్పారు. ఆదివారం చర్చికి వస్తుంది. కానీ ప్రసాద్ వచ్చేది శనివారం సాయంత్రమే. సోమవారానికి వాయిదా వేయమని అడిగితే, ముహూర్తాల ముందు కుదరదన్నారు రాజుగారు.

ఫ్లాపీలో దాచవచ్చు. కోనసీమ చెమ్మకు రెండు వానాకాలాల్లో ఫ్లాపీకి బూజు పడుతుంది. సీడీలో దాస్తే అది ఎవరి చేతిలో పడినా, పాత కంప్యూటరు ఉన్న ఏ షాపులోనైనా తెరుచుకుంటుంది. కాగితం మీద పెట్టనన్నాడు. ఎనిమిది రోజులు ఆలోచించినా ఈ మూడూ కాని దారి కనపడలేదు. నిన్న అల్లవరం నుంచి తిరిగి వస్తూ, వరదనీటికి ఎర్రబారిన కాలువ వెంట సైకిలు తొక్కుతుండగా తట్టింది.

ఒంటిగంటకు రాజుగారు భోజనానికి ఇంటికి వెళ్లారు. పేతురు క్యారేజీ తెరవలేదు. వెనక గదిలోకి వెళ్లి, కిటికీ రెక్క తీసి, గోనెపట్టా లాగాడు. దాని కింద సీసపు అక్షరాల గడులున్న టైపు కేసు ఒకటి ఉంది. మిగిలినవన్నీ సీసం కొనేవాడి తక్కెడలోకి పోయిననాడు, ఇదొక్కటి ఉంచండి రాజుగారూ అని అతను అడిగి ఉంచుకున్నది. అచ్చుయంత్రం కూడా అప్పుడే పోయింది. తుడిచి చూస్తే అక్షరాలు గడుల్లో ఎక్కడివక్కడే ఉన్నాయి.

తెర మీద ఒక వరుస చదివి, మనసులో పెట్టుకుని, వెనక గదికి నడిచి కూర్చాడు. మళ్లీ వచ్చి రెండో వరుస చదివాడు. వేళ్లు గడులను మరిచిపోలేదు. తలకిందులుగా, అద్దంలోలా తిరగబడిన అక్షరాలు స్టిక్కులోకి ఒక్కొక్కటే వచ్చి నిలబడుతుంటే అతని భుజం తన పాత వంపులోకి తానే ఒదిగింది. పన్నెండో వరుస దగ్గర ఛాతీలో పట్టేసినట్టయింది. మాత్ర నాలుక కింద పెట్టుకుని, కేసు అంచు పట్టుకుని నిలబడి, నొప్పి తగ్గాక పదమూడో వరుస చదవడానికి ముందుగదిలోకి వెళ్లాడు. మొత్తం ఇరవై నాలుగు వరుసలు. ఇరవై నాలుగుసార్లు వెళ్లి వచ్చాడు.

అచ్చాయమ్మ చెప్పినదాంట్లో 'అమ్మ' అన్న మాట చాలాసార్లు వస్తుంది. చివరి వరుసకు వచ్చేసరికి ఆ అక్షరాల గడి ఖాళీ అయింది. పక్కనే, శీర్షికలకు వాడే పెద్ద టైపు కొద్దిగా మిగిలి ఉంటే అందులోంచి తీసి పెట్టాడు. పేజీ అంతా సన్న అచ్చు. ఆఖరి అమ్మ ఒక్కటి పెద్దది. వృత్తిలో అది తప్పు. ఇంకొకరు చేస్తే ఊరుకునేవాడు కాదు.

పేజీ చుట్టూ దారం నాలుగు చుట్లు బిగించి, కొసను మూల సందులోకి దోపాడు. చిన్న చెక్కపలక మీదికి జరిపి, పై అరలో పెట్టాడు. సిరా అంటని సీసపు అక్షరాలు. తిరగబడినవి చదవడం తెలిసిన కన్ను ఈ వీధిలో తనది తప్ప మరొకటి లేదు. ఇది కాగితం కాదు. ఏ సిస్టం మారినా దీనికి పనిలేదు. ఎవరికీ ఫోను చేసి నంబరు చెప్పదు. ఒకసారి సిరా పూసి ఒత్తితే చాలు. రేపు ప్రార్థన కాగానే అచ్చాయమ్మను పక్కకు పిలిచి చెప్పాలి. ఆమె ఊ అంటే సరే. వద్దంటే దారం లాగేస్తే సరి. దీపాలు పెట్టే వేళకు అంతా గడుల్లో ఉంటుంది. ముందుగదిలోకి వచ్చి యంత్రంలోని పద్నాలుగో కాగితాన్ని చెరిపేశాడు.

నాలుగున్నరకు ప్రసాద్ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, బొటనవేలికి సీడీ తగిలించుకుని తిప్పుతూ.

"పాతవన్నీ సీడీలోకి ఎక్కించేరాండి, పేతురుగారూ?"

"ఎక్కించవలసినవి ఎక్కించేనండి."

"మరి కొట్టేస్తే మళ్లీ రావండి. నొక్కమంటారా?"

"ఒక్క మాట చెప్పండి ప్రసాద్‌గారూ. దీని కడుపులో ఉన్నది దీనికి తప్ప ఇంకోళ్లకి తెలీకుండా ఉంటదా?"

ప్రసాద్ సీడీ తిప్పడం ఆపాడు. "నిజం చెప్పమంటారా? నాకూ తెలీదండి. నంబరొక్కటే పోద్దని రాసేరు. రాసింది నమ్మడమే గదండీ మన పని."

"ఆయ్. నొక్కండి."

గంట దాటాక తెర మీద నీలాకాశం, దాని కింద పచ్చటి గుట్ట ఒకటి వచ్చాయి. పేతురు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. అతను పుట్టి పెరిగిన నేలంతా చదును. గుట్ట మీద నిలబడితే ఎలా ఉంటుందో అతనికి తెలియదు. "బాగుందండి," అన్నాడు. సొరుగులోని నేతగుడ్డ తీసి మానిటరు మీద కప్పి, నాలుగు మూలలూ సమంగా లాగి, సైకిలెక్కాడు.

ఆదివారం తెల్లవారి, చర్చికి వేళవుతోందని భార్య కాఫీ తెచ్చి లేపితే, పేతురు లేవలేదు.

అతను పోయాక జరిపిన ఆదరణ కూడిక కార్డును ప్రసాదే కొత్త అక్షరాల్లో టైపు చేశాడు. కొత్త ప్రింటరు మీద, రంగుల్లో వచ్చింది.

నెల తిరిగాక అచ్చాయమ్మ వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఎలీసమ్మ గొడుగు పట్టుకుని బయట అరుగు దగ్గర నిలబడింది. లోపల నలుగురు శుభలేఖల కోసం కూర్చుని ఉన్నారు. అచ్చాయమ్మ కౌంటరు దగ్గరికి వచ్చి, ఒక చెయ్యి దాని మీద ఆనించి, గొంతు తగ్గించి అడిగింది.

"పేతురన్నయ్యగారు ఆ పెట్టెలో నాదొకటి పెట్టేరండి."

"ఏ పేరుతోనమ్మా?" అన్నారు బుచ్చిరాజుగారు.

"పేరు పెట్టలేదండి."

ఆయన, ఇప్పుడు పేతురు బల్ల దగ్గర పనిచేస్తున్న ప్రసాద్ చేత పాత సీడీ వేయించి ఓపిగ్గా వెతికించారు. శుభలేఖలు, కార్డులు, మళ్లీ శుభలేఖలు. "లేదమ్మా. ఉంటే వదిలిపెట్టే మనిషి కాదు. ఏం కాగితమో చెప్పు, ప్రసాద్ మళ్లీ కొడతాడు."

అచ్చాయమ్మ కూర్చున్న నలుగురినీ చూసింది. ప్రసాద్‌ను చూసింది. బయట గొడుగు కింద ఉన్న చెల్లెలిని చూసింది.

"ఒద్దులెండి. పెద్ద కాగితమేం కాదండి," అని మెట్లు దిగింది.

ఆమె చెయ్యి ఆనించిన చోటికి జానెడు దూరంలో, అచ్చయి ఆరవేసిన శుభలేఖల దొంతర మీద, పై అర సర్దినప్పుడు దొరికిందని రాజుగారు పేతురు గుర్తుగా ఉంచుకున్న సీసపు దిమ్మ ఉంది. తండ్రి ప్రెస్సు పెట్టినా ఆయన ఏనాడూ టైపు పట్టి ఎరగరు. గాలికి కార్డులు ఎగరకుండా బరువుకు బాగుందన్నారు. ఫ్యాను గాలికి కింది కార్డుల అంచులు లేస్తూ, పడుతూ ఉన్నాయి. వాటి పైన దిమ్మలో ఇరవై నాలుగు వరుసలు, ఆఖరి వరుసలో ఒక్క మాట కొంచెం పెద్దది, చుట్టూ నాలుగు చుట్ల దారం, మూల సందులోకి దోపిన కొస.