చేరినంక చెప్పు

కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని గడప దాకా వచ్చాక గానీ లింబయ్య చూసుకోలేదు, కుడికాలి చెప్పు వెనకే ఉండిపోయిందని. ఎడమ పాదం నీలం రబ్బరు చెప్పులో ఉంది. కుడి పాదం తడి మట్టిలో ఉంది. లోపల భార్య హన్మవ్వ జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె బయటికి రాకముందే, సబ్బు మరిచిపోయినవాడిలా వెనక్కి వెళ్లి చెప్పు తొడుక్కున్నాడు.

మూడేళ్ల కిందట షుగర్ పుండై కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. పుండు మానింది. మొద్దుతనం మాత్రం ఆగలేదు. పోయిన వానాకాలానికి మడమ దాకా వచ్చింది, ఇప్పుడు చీలమండ దాటింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. హన్మవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వెళ్లినప్పుడల్లా పీట మీద కూర్చుని, గోడకు ఆనించిన ఇటుకను లారీ బ్రేకు అనుకుని కుడికాలితో నొక్కేవాడు. కళ్లు మూసుకుంటే ఇటుక ఉండేది కాదు. అందుకని మోకాలిని గమనించడం నేర్చుకున్నాడు. మోకాలు ఎంత కదిలితే బ్రేకు ఎంత నొక్కినట్టో లెక్క కట్టుకున్నాడు. బండిలో గాలి బ్రేకు బుస్సుమంటుంది, అది చెవికి అందుతుంది. పాదం చెయ్యని పనిని మోకాలూ చెవీ కలిసి చేస్తాయి అనుకున్నాడు.

"గా షుగర్ చెప్పులు తొడుక్కో," అంది హన్మవ్వ రొట్టెలు గుడ్డలో చుడుతూ. దవాఖానలో ఇచ్చిన మెత్తటి నల్ల చెప్పులవి. మడమ వెనక పట్టీ ఉంటుంది కనుక జారవు.

"గవి సూస్తే శేఖర్ లారీ ఇస్తడా? సంచిల పెట్టు. ఊరు దాటినంక తొడుక్కుంట."

ఆమె సంచిలో పెట్టింది. ఆమె కుడిచేతి చూపుడువేలు ఈమధ్య చాపినా సాగడం లేదు, బీడీ ఆకు మడిచినట్టే వంగి ఉంటోంది. మూడేళ్లుగా ఆ వేలి మీదే ఇల్లు నడిచింది. పోవద్దు అని ఆమె అనలేదు. ఆ మాట కోసం తాను ఎదురుచూశాడో లేదో లింబయ్యకే తెలియదు.

ఇద్దరూ బోధన్‌లో బస్సెక్కారు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ గొట్టం కిటికీలోంచి కాసేపు కనిపించింది. మీసాలు రాకముందు అతను ఆ గేటు ముందే చెరుకు లారీలకు క్లీనరుగా పనిలో చేరాడు. చెరుకు బండ్లు నిలిచిపోయాక డ్రైవరుగా దూరం లోడ్లకు మళ్లాడు. ఢిల్లీ, సాంగ్లి, ఈరోడ్. కూతురు త్రివేణి పుట్టినప్పుడూ, దాని పెళ్లి కుదిరినప్పుడూ అతను రోడ్డు మీదే ఉన్నాడు.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ధూళి కళ్లకు మండుతోంది. హమాలీలు దబ్బనాలతో బస్తాల మూతులు కుడుతున్నారు. నేలంతా సుతిలి ముక్కలు, పసుపు కొమ్ముల పొట్టు. పాత పరిచయస్తుడు, హమాలీ రాజమల్లు కనుబొమలు కూడా పసుపుపచ్చగా ఉన్నాయి. లింబయ్యను చూసి కుట్టు ఆపాడు.

"ఓ లింబన్నా, సచ్చిపోయినవనుకున్న గదనే. ఫ్యాక్టరీ బంద్ అయినంక చక్కెరంత నీ ఒంట్లనే దాస్తున్నవట?"

"ఔ మరి. చీమలు ఇడుస్తలేవు నన్ను."

ఇద్దరూ నవ్వారు. నిరుడు ఒక రాత్రి నిజంగానే చీమలు కుట్టాయి. తెల్లారి దద్దులు చూశాకే అతనికి తెలిసింది.

లారీ ఓనరు శేఖర్ ఫోన్‌లోంచి తల ఎత్తాడు. "కాలు మంచిగున్నదా అన్నా?"

"ఉరికి సూపెట్టాల్నా?"

"వద్దు తియ్. బండిని కాంటా మీదికి తే."

లింబయ్య బండిని తూకం పలక మీదికి మెల్లగా తెచ్చాడు. మోకాలు నొక్కింది, చెవి విన్నది. ముందు చక్రం తెల్ల గీత దాటి మూరెడు దూరం పోయి ఆగింది. చెమట చెవుల వెనకనుంచి కారింది. శేఖర్ మళ్లీ ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఢిల్లీ లోడు. రెండో డ్రైవర్ దొరుకుతలేడు, ఒక్కనివే పోవాలె. పొద్దుగూకకముందే నిర్మల్ అవతల ఘాట్ దాటు."

"ఒక్కన్ని పోవుడు నాకు కొత్తనా."

లోడు ఎక్కేదాకా అతను బస్తాల మధ్య తిరిగాడు, తాళ్లు లాగి చూశాడు, టైర్లు తట్టాడు. హన్మవ్వ సంచి అందించింది. కడ్డీ పట్టుకుని, ఇనప మెట్టు మీద ఒక్కో కాలు పెట్టి, పైకెక్కాడు. స్టీరింగు ఎండకు వేడెక్కి ఉంది. అరచేతులకు ఆ వేడి తెలిసింది. చాలా రోజుల తర్వాత అతనికి తన చేతులు తనవే అనిపించాయి.

ఇంజన్ గర్జించింది. బండి గేటు వైపు కదిలింది.

"చెప్పు!" అని వెనకనుంచి హన్మవ్వ అరిచింది. "ఓ త్రివేణి బాపూ! చెప్పు!"

అద్దంలో ఆమె చెయ్యి ఊపుతూ ఉరికి వస్తోంది. ఇన్నేళ్లలో ఏ లోడుకు పోయినా ఆమె చివరగా అనే మాట అదొక్కటే. చేరినంక చెప్పు. ఈ మూడేళ్లలో ఎవరూ అతనితో ఆ మాట అనలేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు.

"చెప్తనే! చేరినంక చెప్త!"

లారీ గేటు దాటి మలుపు తిరిగింది.

హన్మవ్వ ఆగిపోయింది. వెనక్కి వచ్చి, లారీ నిలిచిన చోట పడి ఉన్న నీలం చెప్పును తీసింది. విరిగిన దబ్బనం మొన అడుగునుంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని చుట్టూ రబ్బరు మీద ఎర్రటి తడి. అతను యార్డులో అంతసేపు తిరిగాడు. ఒక్కసారి కూడా కుంటలేదు.

"ఏంది వదినా?" శేఖర్ దూరంనుంచి అడిగాడు. "ఏమన్న మర్చిపోయిండా? ఫోన్ చేసి ఆపాల్నా, చెప్పు."

ఆమె నోరు తెరిచింది. చెబితే బండి వెనక్కి వస్తుంది. రేపటినుంచి అతను మళ్లీ పీట మీద కూర్చుంటాడు. వంగిన వేలు చెప్పు అంచును పట్టుకుని వదలడం లేదు.

"ఏం లేదు తమ్మీ," అంది.

సాయంత్రం బోధన్ బస్సులో చెప్పు ఆమె ఒడిలో కొంగు కింద ఉంది. అరిగిన రబ్బరులో మూడు వేళ్ల అచ్చు, పసుపు పట్టిన మడమ గుంట, ఆ గుంట నడుమ నిటారుగా దబ్బనం మొన.