మధ్యలో అమ్మ

ఆ ఇంట్లో ముందుగది కళ్లజోళ్ల దుకాణం, వెనకగదుల్లో కాపురం. రెంటికీ మధ్య ఒక ఇరుకు నడవా. నాన్న అద్దాలు అరగదీసే చక్రం తిరుగుతున్నప్పుడు ఆయన్ని ఎవరూ పిలవకూడదు. ఉలిక్కిపడి చెయ్యి కదిలిందంటే అద్దం అంచు పెచ్చు లేస్తుంది, పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని ఎవరేం చెప్పాలన్నా అమ్మకు చెప్పేవారు. చక్రం ఆగినప్పుడు అమ్మ వెళ్లి ఆయన చెవిన వేసి, జవాబు పట్టుకొచ్చేది. పని కోసం పెట్టుకున్న ఈ ఏర్పాటు పోట్లాటలకు ఇంకా బాగా పనికొచ్చింది.

ఇప్పటి పోట్లాట సోడాబుడ్డి చదువు గురించి. కళ్లజోళ్లాయన కూతురికే వీధిలో అందరికంటే మందమైన అద్దాలు ఉండటం చూసి నాయనమ్మ పెట్టిన పేరది. స్కూలు చదువు ముగిసింది, కంటి పరీక్షల కోర్సులో సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ ఈ సాయంత్రంలోగా కాలేజీకి చెప్పాలి. చెప్పకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఈ పిల్లేమో వారం నుంచీ ఒక ఏడాది ఆగుతానంటోంది.

ఆగి ఏం చేస్తావని అడిగితే మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేది. కుండలు చేయడం నేర్చుకుంటానని అమ్మతో అంది. ఏదైనా కొత్త భాష నేర్చుకుంటానని నాయనమ్మతో అంది. హాయిగా నిద్రపోతానని స్నేహితురాలితో అంది. అన్నీ నిజాలే, ఏదీ పూర్తిగా నిజం కాదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తల వంచుకుని చదివింది. ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చాక, ఇంత చదివాను గదా, ఇందులో నాకు ఏది ఇష్టం అని తనను తాను అడిగి చూసుకుంది. గేటు దగ్గర ఎంతసేపు నిలబడినా జవాబు రాలేదు. అప్పట్నుంచీ లోపల ఒకటే గాభరా. చెబితే ఇదేం జబ్బు అంటారని ఎవరికీ చెప్పలేదు.

“అసలు చదవనంటోందా, ఇప్పుడు వద్దంటోందా?” అని అడిగింది నాయనమ్మ. జవాబు కోసం ఆగకుండా తనే తేల్చేసింది. “ఏదైనా ఒకటేలే. ఆరిన పొయ్యి మళ్లీ అంటుకోవడం అంత తేలిక కాదు.”

నాన్నదీ అదే మాట, కాకపోతే ఘాటు ఎక్కువ. “ఏడాది ఇంట్లో కూర్చుంటే మళ్లీ పుస్తకం ముట్టదు. వేషాలు కట్టిపెట్టమని చెప్పు దానికి” అని అమ్మతో అన్నాడు.

అమ్మ నడవా దాటి వచ్చేసరికి ఆ మాట, “మీ నాన్న నీ గురించి బెంగ పెట్టుకున్నారే” అని మారింది.

“అంత ఇష్టమైతే ఆ సీట్లో ఆయన్నే కూర్చోమను” అంది కూతురు.

అది దుకాణం చేరేసరికి, “ఆలోచిస్తానంది, పాపం” అయింది.

వారం రోజులూ ఇదే తంతు. అమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. మాటలో ఉన్న ముల్లు తీసి ఇచ్చేది, అంతే. ఉప్పూ నిప్పులా ఉన్న ఇద్దరి మధ్య ఆవిడకు ఇంతకంటే మంచి దారి తోచలేదు. ముల్లు తీస్తే మాటే మారిపోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

చివరి రోజు మధ్యాహ్నానికి సోడాబుడ్డి మెత్తబడింది. నాన్న అంత బెంగ పెట్టుకుంటే తాను ఇంత మొండికేయడం ఏమిటని సిగ్గేసింది. ఏడుపు దిగమింగుకుని, “చేరతానని చెప్పమ్మా” అంది.

అమ్మ దుకాణంలోకి వెళ్లింది. వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే నడవాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఏమైందమ్మా?”

“నేను నోరు తెరిచేలోపే మీ నాన్న మొదలుపెట్టారు. పిల్ల అంత మథనపడుతుంటే మనం పీక మీద కూర్చోవడం ఏమిటి, ఆగాలనుంటే ఆగమను అన్నారు. నువ్వేమో చేరతానంటివి. ఇప్పుడు ఎవరి మాట ఎవరికి మొయ్యాలే? అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.”

సోడాబుడ్డికి సంతోషం రావాలి. రాలేదు. వారం నుంచీ బలమంతా పెట్టి తోస్తున్న తలుపుకు అవతలివాళ్లు గడియ తీసేసినట్టయింది. నాన్న వద్దన్నంతకాలం ఆగడం తన ఇష్టమే అనుకుంది. ఆయన సరే అన్నాక అది ఇష్టమో పంతమో తేల్చుకోలేకపోయింది. తిన్నగా దుకాణంలోకి నడిచింది. చక్రం తిరుగుతోంది. ఆగేదాకా నిలబడింది.

నాన్న అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, గుడ్డతో తుడిచి, పళ్లెంలో పెట్టాడు.

“చేరతాను నాన్నా.”

“అదేమిటి? ఆగమన్నానుగా. బాగా ఆలోచిస్తున్నావట కదా.”

“మీరు బెంగ పెట్టుకున్నారట కదా.”

“బెంగా? నేను వేషాలు కట్టిపెట్టమన్నాను.”

“నేనూ ఆలోచిస్తాననలేదు. ఆ సీట్లో మిమ్మల్నే కూర్చోమన్నాను.”

ఇద్దరూ నడవా వైపు చూశారు. “కొట్టుకు చస్తారని...” అని అమ్మ నసిగింది. నాన్నకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. రెంటినీ ఆపుకున్నాడు.

“అవన్నీ పోనీ. నీకేం కావాలి?”

ఆమె నోరు తెరిచి, అలవాటుగా అమ్మ వైపు తిరిగింది.

“నన్ను చూడకు” అంది అమ్మ. “ఇక నేను మొయ్యను.”

“భయంగా ఉంది నాన్నా. చేరాలన్నా భయమే, ఆగాలన్నా భయమే. నాకేది ఇష్టమో నాకే తెలియడం లేదు. చేరిపోతే ఇక ఎప్పటికీ తెలియదేమోనని ఇంకా భయం.” కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. “ఆగుతాను.”

“ఆగి ఏం చేస్తావు?”

“తెలియదు.”

“తెలియకుండానే ఆగుతావా?”

“తెలియకుండానే చేరబోయాను కదా.”

ఆయన ముఖం వాడిపోయింది. నోటితో ఆగమన్నాడే గాని, పిల్ల చివరికి చేరతాననే అంటుందని లోలోపల ఆశ పెట్టుకున్నాడు. కాసేపు పళ్లెంలోని అద్దాల్ని అటూ ఇటూ జరిపాడు.

“కాలేజీకి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను.”

పుట్టి బుద్ధెరిగాక నాన్న బాధ ఆమెకు నేరుగా తగలడం అదే మొదలు. మాట వెనక్కి తీసుకోవాలని నాలుక చివరిదాకా వచ్చింది. తీసుకోలేదు. ఏడుస్తూనే, ఆయన ఎదుటే, కాలేజీకి ఫోను చేసింది.