ఏడాదికి రెండు లక్షల వన్‌ల కార్డు

మా అత్తగారు జపాన్ వెళ్లొచ్చి పదకొండు నెలలైనా ఆ నూడుల్స్ గిన్నె కథ ఇంకా అయిపోలేదు. అవి జపాన్‌లో తిన్న నూడుల్స్ కూడా కావు. వెళ్లే రోజు పొద్దున ఇక్కడే, మా ఇంచన్ విమానాశ్రయం లాంజ్‌లో తిన్నవి. నా తోడికోడలు నాయంగ్ తన క్రెడిట్ కార్డు చూపించి ఆవిడని లోపలికి తీసుకెళ్లింది.

అత్తగారికి బుప్యాంగ్ బజారులో వండిన కూరలమ్మే కొట్టుంది. అరకిలో మొలకల కూర కోసం వచ్చినవాళ్లు కూడా ఆ కథ వినకుండా కొట్టు దిగలేరు.

"కూర్చుంటే కూరుకుపోయే కుర్చీలమ్మా! అద్దంలోంచి విమానాలు. తిన్నంత తిను, తాగినంత తాగు. తిన్న గిన్నె కూడా వాళ్లే తీస్తారు. ఒక్క వన్ డబ్బులడిగితే ఒట్టు! మా నాయంగ్ కార్డు ఇలా తీసి అలా చూపించింది, అంతే."

ఆ 'మా నాయంగ్' దగ్గరే నాకు మండేది. నన్ను ఆవిడ పేరు పెట్టి పిలవరు. పాప పుట్టిన దగ్గర్నుంచి నేను 'హారం అమ్మ'నే. నాకు దల్లే అని ఒక పేరుందన్న సంగతి ఆవిడకి గుర్తుందో లేదో. ఆరేళ్లుగా ప్రతి నవంబరులో నూట యాభై క్యాబేజీలకి ఉప్పు పట్టించి, కారం కూరి, కిమ్చీ పెట్టేది నేను. మూడు రోజులు నడుం లేవదు. ఆ మాట ఏ బేరానికీ చెప్పగా నేను వినలేదు. ఒక్క గిన్నె నూడుల్స్, అదీ ఊరికే వచ్చినవి, ఆరేళ్ల కిమ్చీని తినేశాయి.

మేముండేది యంగ్‌జాంగ్ దీవిలో. విమానాశ్రయం ఉన్నదీ ఇక్కడే. రోజంతా మా ఇంటి మీదుగా విమానాలు పోతుంటాయి, నాలుగేళ్ల హారం ప్రతిదానికీ చెయ్యూపుతుంది. మా ఆయన అక్కడే సామాన్లు విమానంలోకి ఎక్కించే పని చేస్తారు. నేను విమానం ఎక్కింది ఒక్కసారి, పెళ్లైన కొత్తలో చేజు దీవికి.

ఈ ఏడాది అత్తగారికి అరవై నిండాయి. అన్నదమ్ములిద్దరూ డబ్బులు వేసుకుని ఆవిడని వియత్నాం పంపాలనుకున్నారు. వాళ్లకి సెలవు దొరకదు కాబట్టి తోడుగా కోడళ్లిద్దరం, హారం. ఆ సంగతి చెప్పిన రోజు భోజనాల దగ్గర అత్తగారు చాప్‌స్టిక్స్ కింద పెట్టి అడిగిన మొదటి మాట, "అయితే మళ్లీ ఆ నూడుల్స్ తినొచ్చన్నమాట! కార్డుందిగా నాయంగ్?"

నాయంగ్ నోరు తెరిచేలోపు నేనందుకున్నాను. "ఈసారి లాంజ్ సంగతి నాకొదిలెయ్యండత్తయ్యా. నేను తీసుకెళ్తాను."

అప్పటికి నా దగ్గర అలాంటి కార్డే లేదు. మా ఆయన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాయంగ్ నా వంక ఒక క్షణం చూసి, "సరే అక్కా, ఈసారి నువ్వే" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నాలుగు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఐదో రోజు సూపర్‌మార్కెట్ వాకిట్లో కార్డులిచ్చే ఆవిడ బల్ల ముందు నిలబడ్డాను. నాయంగ్ కార్డు మీద తనతో పాటు ఒక్కరే వెళ్లొచ్చు. ఈవిడ చూపించిన నల్ల కార్డు మీద ముగ్గురం వెళ్లొచ్చు, చిన్నపిల్లలకి డబ్బు అడగరు. పైగా ఏడాదికోసారి పెద్ద హోటల్లో భోజనానికి లక్షన్నర వన్‌ల కూపన్ ఇస్తారు. ఏడాది ఫీజు రెండు లక్షలు.

"రెండు లక్షలా?" అన్నాను.

"ఒకసారి లోపలికెళ్తే మనిషికి నలభై వేలు మేడమ్. ముగ్గురు వెళ్లి వస్తే లక్షా ఇరవై ఆ పూటకే వచ్చేసింది. కూపన్ లక్షన్నర. కార్డే మీకు బాకీ పడుతుంది!" అని ఆవిడ ఒక వేపుడు మూకుడు కూడా నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి మా ఆయనకి అదే లెక్క చెప్పాను. ఆయన డ్యూటీ బూట్లు విప్పుతూ విన్నారు.

"ఆ హోటల్‌కి మనం ఎప్పుడైనా వెళ్లామా?"

"లేదు."

"మరి వెళ్లని చోట లక్షన్నర మిగలడమేంటే? లాంజ్‌కి నలభై వేలు పెట్టి నువ్వెప్పుడైనా వెళ్తావా?"

"వెళ్లను."

"అంటే ఒక పూట నూడుల్స్‌కి రెండు లక్షలు. దానికన్నా మా అమ్మకి ఇంట్లో చేసి పెట్టు, నేను పక్కన నిలబడి విమానంలా అరుస్తాను."

"మీ తమ్ముడి భార్య చేస్తే ముద్దు, నేను చేస్తే దుబారా."

లెక్క ఆయనదే కరెక్టని నాకూ తెలుసు. కానీ ఆ లెక్కలో 'మా నాయంగ్' అన్న మాటకి ఖరీదు కట్టలేదు.

కార్డు వచ్చింది. దాంతో పాటు వచ్చిన పుస్తకంలో ముఖ్యమైన మాట నేను చదివాను. లాంజ్‌లోకి వెళ్లాలంటే అంతకు ముందు నెలలో ఆ కార్డు మీద కనీసం ఐదు లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. ఐదు లక్షలు ఒక లెక్కా? అపార్ట్‌మెంట్ నిర్వహణ రుసుం కట్టాను. గ్యాసు, కరెంటు కట్టాను. హారం బడి ఫీజు కట్టాను. పుట్టినరోజు కానుకగా అత్తగారికి రెండు లక్షల బజారు కూపన్లు కొన్నాను. ఏడు లక్షలు దాటింది. ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఇంకో పేరా ఉంది. హైస్కూలు మధ్యలో మానేసిన దగ్గర్నుంచి నాకో అలవాటు: ఆఫీసు భాషలో వాక్యం కనిపిస్తే అది నా కోసం రాసింది కాదనుకుని దాటేస్తాను. అడిగితే తెలియదని తెలిసిపోతుందని ఎవర్నీ అడగను కూడా.

బయలుదేరే రోజు అత్తగారు ఊదారంగు కోటు వేసుకుని, జుట్టు కొత్తగా ఉంగరాలు తిప్పించుకుని వచ్చారు. పొద్దున్నుంచి ఏమీ తినలేదట.

"ఎందుకత్తయ్యా, ఆకలేస్తుందిగా?"

"వెయ్యాలనే! కిందటిసారి ఇంట్లో తినేసి వచ్చి సగం గిన్నె వదిలేశాను. ఇన్నాళ్లూ ఆ సగం గిన్నె మీదే నా ప్రాణం."

నాయంగ్ చక్రాల పెట్టె చప్పుడు చెయ్యకుండా పక్కనే దొర్లుతోంది. నా పెట్టె చక్రం ఒకటి కుయ్యిమంటోంది. అలాంటివి కూడా నేను చూస్తాను, ఏం చెయ్యను.

లాంజ్ తలుపు దగ్గర నలుగురైదుగురు వరసలో ఉన్నారు. నేను కావాలనే ముందు నిలబడ్డాను. లోపలి నుంచి కాఫీ వాసన, నూడుల్స్ పులుసు వాసన వస్తున్నాయి. మా వంతు రాగానే పర్సులోంచి నల్ల కార్డు తీసి, నాయంగ్‌కి కనిపించేలా, బల్ల మీద పెట్టాను.

"నేను, ఇంకో ఇద్దరు, పాప."

బల్ల దగ్గరి అమ్మాయి కార్డు మిషన్ మీద ఆనించింది. ఇంకోసారి ఆనించింది. "క్షమించండి మేడమ్. కిందటి నెల వాడకం సరిపోలేదని వస్తోంది."

"ఏడు లక్షలు వాడానమ్మా!"

"దేనికి వాడారో చెప్తారా?"

చెప్పాను. నేనొక్కొక్కటీ చెప్తుంటే ఆ అమ్మాయి ఒక్కొక్కదానికీ తల వంచుకుంటూ వచ్చింది. "అపార్ట్‌మెంట్ రుసుం, గ్యాసు, కరెంటు, బడి ఫీజు, కూపన్లు... ఇవేవీ లెక్కలోకి రావు మేడమ్. సరుకులు, బట్టలు, హోటళ్లు, అలాంటివైతేనే."

అంటే నాలాంటిది డబ్బు పెట్టేవేవీ లెక్కలోకి రావన్నమాట. నాయంగ్‌లా ఖర్చు పెడితేనే ఖర్చు.

నా చెవులు కాలిపోతున్నాయి. వెనక్కి తిరగకుండానే, ఇప్పుడు నాయంగ్ ముందుకొస్తుందనీ, నవ్వుతూ తన కార్డు తీస్తుందనీ, అత్తగారిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుందనీ నాకు తెలుసు. తన కార్డు మీద ఒక్కరికే చోటు. నేనూ హారమూ ఆ తలుపు బయట నిలబడతాం. ఇంకో ఏడాది నూడుల్స్ కథ, ఈసారి అందులో నేను కూడా ఉంటాను.

నాయంగ్ రాలేదు.

తిరిగి చూస్తే తను నేల చూపులు చూస్తోంది. "నా దగ్గర లేదక్కా."

"ఏం లేదు?"

"ఆ కార్డు. పోయిన నెల ఏడాది ఫీజు కట్టే గడువొచ్చింది. నువ్వు తీసుకెళ్తానన్నావుగా, ఇంక నాకెందుకని తీసేయించేశాను."

ఉన్నమాట చెప్తున్నాను, నాకు ముందు కలిగింది సంతోషమే. తన దగ్గరా లేదు! ఆ సంతోషం రెండు క్షణాలైనా నిలవలేదు. నా మాట నమ్మి వదులుకుంది. నేను తన మీద పోటీకి కొన్నాను. ఓడిపోయిన చోట కూడా మంచిదయింది తనే.

"నాతో ఒక్క మాట అనచ్చుగా!" అన్నాను.

"ఏమని? ఆ రోజు అందరి ముందూ అలా అన్నావు. నేనూ ఉంచుకుంటానంటే నీ మీద పోటీకొచ్చినట్టుండదూ?" నాయంగ్ గొంతు తగ్గించింది. "నీకేం అక్కా. అత్తయ్య నాకు కిమ్చీ డబ్బా ఇచ్చిన ప్రతిసారీ, 'ఇది హారం అమ్మ చేతిది, నీకు ఏడు జన్మలెత్తినా రాదు' అని చెప్పి మరీ ఇస్తారు. నేను ఎప్పుడైనా గెలిచింది ఆ గిన్నె నూడుల్స్ దగ్గరే."

ఆవిడ ఆ మాట అంటారా? నా ముందు ఎందుకు అనరు?

వరసలో వెనకున్నాయన గొంతు సవరించుకున్నాడు. బల్ల దగ్గరి అమ్మాయి, "డబ్బు కట్టి వెళ్లొచ్చు మేడమ్, మనిషికి ముప్పై తొమ్మిది వేలు" అంది.

"నా కార్డు మీద తీసుకోండి" అని నేను నల్ల కార్డు చాపాను.

"వద్దు, నేను కడతాను" అని నాయంగ్ తన మామూలు కార్డు తీసింది.

"పెద్దదాన్ని నేనుండగా నువ్వు కట్టడమేంటి? తియ్యి చెయ్యి!"

"నీకు పాప ఉంది అక్కా, ఖర్చులుంటాయి, నన్ను కట్టనీ!"

"నా ఖర్చుల సంగతి నీకెందుకే? అమ్మాయ్, ఆ కార్డు తీసుకోకు!"

నేను తన మణికట్టు పట్టుకున్నాను. తను నా కోటు చెయ్యి లాగింది. భోజనం బిల్లు దగ్గర ఇలా గుంజుకోవడం మాకు మామూలే, కానీ ఆ రోజు నేను మర్యాదకి గుంజుకోలేదు. హారం మా ఇద్దరి మధ్యలోంచి, "అమ్మా, పిన్నీ, కొట్టుకోకండి" అంది. వరస మొత్తం నవ్వింది.

అప్పుడు అత్తగారు ముందుకొచ్చి రెండు కార్డులూ లాక్కుని తన కోటు జేబులో వేసుకున్నారు. "ముప్పై తొమ్మిది వేలా! నూడుల్స్‌కా? అంత డబ్బు రావాలంటే నేనెన్ని డబ్బాల మొలకల కూర అమ్మాలో తెలుసా? నడవండి ఇద్దరూ!" బల్ల దగ్గరి అమ్మాయి వైపు తిరిగి, "నువ్వేం అనుకోకు తల్లీ, మీ పులుసు బావుంటుంది, కొంచెం ఉప్పు తక్కువంతే" అని బయలుదేరారు.

గేటు దగ్గర గట్టి కుర్చీల్లో కూర్చున్నాం. ఎందుకైనా మంచిదని హారం కోసం నేను చేసి తెచ్చిన అన్నం ఉండలు ఏడున్నాయి, పైన సముద్రనాచు పొడి అద్దినవి. అత్తగారు మూడు తిన్నారు. నాలుగోది తీసుకుని, హారం వంక చూసి, మళ్లీ డబ్బాలో పెట్టారు.

నా కార్డు అడిగి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి కార్డు కంపెనీకి ఫోన్ చేశాను. హోటల్ కూపన్ ఇంకా వాడలేదు కాబట్టి, తీసేయిస్తే వాడని నెలల ఫీజు వెనక్కి వేస్తామన్నాడు అవతలి అబ్బాయి. "కానీ మేడమ్, ఈ నెల సరుకులకి ఐదు లక్షలు వాడితే వచ్చే నెల నుంచి లాంజ్ మీదే. ఒక్కసారి ఆలోచించండి."

ఆలోచించాను. దగ్గరుంచుకుంటే వచ్చే ఏడు ఎప్పుడైనా అత్తగారిని లోపల కూర్చోబెట్టొచ్చు. ఆవిడ బజారులో 'మా దల్లే' అనొచ్చు. అద్దంలోంచి చూస్తే కింద సామాన్ల బండి ఒకటి విమానం వైపు పోతోంది. అందులో మా ఆయన ఉన్నారో లేదో ఇంత పైనుంచి తెలియదు.

"తీసెయ్యండి" అన్నాను. "నేను వాడేవి మీ లెక్కలోకి రావుట."

వెనక్కి వచ్చేసరికి అత్తగారు ఫోన్‌లో ఉన్నారు. బజారులో పక్క కొట్టు ఎండుచేపలావిడతో. అత్తగారి గొంతు మామూలుగానే గేటు మొత్తానికి వినబడుతోంది.

"లోపలికి రానివ్వలేదు, గెంటేశారు! అవును! అది కాదే, విను. డబ్బు నేను కడతానంటే నేను కడతానని నా కోడళ్లిద్దరూ ఆ తలుపు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. జనమంతా చూశారు! నీ కోడలు ఎప్పుడైనా నీ కోసం అలా కొట్టుకుందా?" కాసేపు విని నవ్వారు. "ఎవరు ముందంటావా? నాయంగే ముందు కార్డు తీసింది..."

"కాదత్తయ్యా!" నేను ఫోన్ దగ్గరికంటా వంగి అన్నాను. "ముందు తీసింది నేను. తర్వాతే నాయంగ్."

అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. నాయంగ్ పక్కకి తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉండవే," అన్నారు అత్తగారు ఫోన్‌లో, "దల్లే ఒప్పుకోవట్లేదు. ముందు తనేనట. సరే, మొదట్నుంచి చెప్తాను విను."