ఎర్ర గుర్తుల బాట

మా కౌంటీ పార్కులో ప్రకృతి కేంద్రం అమ్మాయి చక్కగా చెప్పింది, చెట్ల మీద ఎర్ర రంగు గుర్తులు పట్టుకుని నడిస్తే తిరిగి ఇక్కడికే వస్తారని. మా ఆయన వెర్లిన్ ముందు నడిచాడు, నేను వెనక. దారిలో చెరువు వస్తుందన్నారు, బురద వచ్చింది. వంతెన అన్నారు, ఇందాక దాటిన పడిపోయిన మేపుల్ చెట్టే మళ్ళీ ఎదురైంది.

"ఏమయ్యా, గుర్తులు చూస్తున్నావా, ఊరికే నడుస్తున్నావా?"

"నాకు కళ్ళున్నాయి. అదుగో ఎర్ర గుర్తు!"

అది ఆకుపచ్చ గుర్తు. నా ఎర్ర మఫ్లర్ తీసి దాని పక్కన పెట్టాను.

"ఈ రెండూ ఒకటేనా?"

"కాదా?" అన్నాడు, నిజంగానే అయోమయంగా.

నాకు బుర్ర తిరిగిపోయింది. "మరి మనం మొదటిసారి కలిసిన ఆ పోల్కా డ్యాన్సులో నా ఎర్ర జుట్టు చూసి పడిపోయానని పెళ్ళయినప్పట్నించీ ఊరందరికీ చెప్తున్నావేం?"

వెర్లిన్ నా తల వంక చూశాడు, చెట్టు వంక చూశాడు.

"అందరూ ఎర్ర జుట్టంటే నేనూ అన్నాను. నీ కాలు తొక్కితే హాలంతా దద్దరిల్లేలా అరిచావు చూడు, నేను పడిపోయింది దానికి."

అరుద్దామనే నోరు తెరిచాను. అరిస్తే మళ్ళీ పడిపోతాడని మూసుకుని, ఈసారి నేనే ముందు నడిచాను.