పాలిషు మేస్త్రీ రక్తం

రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. పదకొండేళ్లుగా అదే పని కావడంతో, మొహం చూడగానే ఎవరి దగ్గర టికెట్ లేదో పసిగట్టేస్తుంది. ఇంటికొచ్చాక యూనిఫాం అయితే విప్పేస్తుంది గానీ ఆ చూపు మాత్రం విప్పలేదు. సంచి కింద పెట్టీ పెట్టగానే మొగుడి చొక్కా వాసన చూస్తుంది. జేబులు తడుముతుంది. అటక మీది డబ్బాల మూతలు తీసి చూస్తుంది.

అతను బల్లలకీ కుర్చీలకీ పాలిషు పట్టే మేస్త్రీ. లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దే పని. ఒళ్లంతా ఎప్పుడూ స్పిరిట్ వాసనే. ఆ వాసనలో తాగాడో లేదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఏడాదిలో మూడుసార్లు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయి ఆసుపత్రిలో చేరాడు. మూడుసార్లూ క్లోమం వాచిందన్నారు. మూడుసార్లూ డాక్టర్ ఒకటే అడిగాడు.

"రోజుకెంత తాగుతావు?"

"చుక్క ముట్టనండీ."

డాక్టర్ ఆమె వంక చూసేవాడు. ఆమె నేల వంక చూసేది.

"వీడి అన్న కూడా ఇలాగే ఒట్లేసేవాడు," అనేది అత్తగారు. పెద్దకొడుకు ఇరవయ్యారేళ్లకే ఇదే నొప్పితో పోయాడు. తాగుబోతని తల్లే ఇంట్లోంచి గెంటేసింది. ఎక్కడో అద్దెగదిలో ఒంటరిగా ప్రాణం వదిలాడు. గోడ మీద అతని ఫొటో కూడా లేదు.

మూడోసారి ఇంటికొచ్చాక ఆమె తెగేసి చెప్పింది. "ల్యాబుకి పోదాం పద. అక్కడి చెవిటమ్మ నీ రక్తం మాట వింటుంది. తాగలేదని నీ రక్తం చెబితే సరే. లేదంటే నా దారి నేను చూసుకుంటా."

"పోదాం. నాకేం భయం?" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో ఆమె అనుమానం ఇంకా పెరిగింది.

ల్యాబులో పనిచేసే చెవిటమ్మకి పక్కన నిలబడి అరిచినా వినపడదు. గాజుగొట్టం చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం రక్తం చెప్పేదంతా వినపడుతుంది. ల్యాబులో ఇదెవరికీ వింత కాదు. లేబుల్ తడిసి పేరు చెదిరిపోతే ఆ గొట్టం ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. మిషన్ చెడిపోయిన రోజున ఆవిడకి టీ తాగే తీరిక కూడా ఉండదు.

ఈ చెవిటమ్మతో మొగుడు ముందే మాట్లాడి పెట్టుకున్నాడేమో! అందుకని ఆమె తన రక్తం కూడా ఇచ్చింది. అతని రక్తం గులాబీరంగులో పలచగా కనబడింది. 'తాగి తాగి ఇలా అయ్యుంటుంది,' అనుకుంది. ఎవరూ చూడకుండా రెండు గొట్టాల లేబుళ్లూ మార్చేసింది.

చెవిటమ్మ మొదటి గొట్టం చెవి దగ్గర పెట్టుకుని నవ్వింది. "ఇది మీదేనమ్మా. లేబుల్ తప్పు. దీనికి ఎవరి మీదా నమ్మకం లేదు, నా మీద కూడా."

ఆమె మొహం ఎర్రబడింది. "ఆయన తాగాడో లేదో చెప్పండి!" అని అరిచింది. ఆ అరుపు చెవిటమ్మకి తప్ప ల్యాబులో అందరికీ వినపడింది. మేస్త్రీ తల దించుకున్నాడు.

చెవిటమ్మ రెండో గొట్టం చాలాసేపు విన్నది. "తాగలేదు. ఎన్నడూ లేదు. తిన్న కొవ్వుని విరగ్గొట్టే పనివాడే నా దగ్గర లేడంటోంది. వాణ్ని తయారుచేసే రాత అమ్మ ఇచ్చిందీ తప్పే, నాన్న ఇచ్చిందీ తప్పేనట."

ఆమె నమ్మలేదు. మర్నాడు పెద్ద డాక్టర్‌ని పట్టుకుంది. ఆయన ఫ్రిజ్‌లోంచి గొట్టం తీసి చూపించాడు. పైన వేలెడు మందాన తెల్లగా మీగడ కట్టి ఉంది. "నూట యాభై లోపు ఉండాల్సిన ట్రైగ్లిజరైడ్లు ఈయనకి నాలుగు వేలున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపంలా ఉంది. జన్యువు పరీక్షకి పంపిద్దాం," అన్నాడు.

అయిదు వారాలకి కాగితం వచ్చింది. ఎల్‌పీఎల్ అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ తప్పుంది. చెవిటమ్మ చెప్పిందే అందులోనూ ఉంది.

ఆ రోజు నుంచి ఇంట్లో నూనె, నెయ్యి, వెన్న దాదాపు బంద్. మేస్త్రీ మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కలేదు. పెళ్లాం అలవాటు తెలుసు గనక కొన్నాళ్లపాటు పనినుంచి రాగానే చొక్కా విప్పి తనే ఆమె చేతికిచ్చేవాడు. ఒకరోజు ఆమె దాన్ని వాసన చూడకుండానే నీళ్లల్లో నానబెట్టింది.

కాగితం సంగతి విన్నప్పటినుంచీ అత్తగారికి ముద్ద దిగలేదు. నాలుగోరోజు "నన్నూ ల్యాబుకి తీసుకెళ్లు," అంది కోడలితో.

చెవిటమ్మ ముందు కూర్చుని రక్తం ఇచ్చింది. చెవిటమ్మ ఆమె రక్తాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

"తల్లి రక్తంలో పిల్లల గొంతులు మిగిలిపోతాయమ్మా. మీలో ఇద్దరున్నారు. చిన్నబ్బాయి గొంతు తెలుసు. ఇంకొకటి బాగా సన్నగా ఉంది."

"ఏమంటున్నాడు?" అని కోడలు కాగితం మీద రాసి చూపించింది.

"'తాగలేదమ్మా' అంటున్నాడు. అదొక్కటే. మళ్లీ మళ్లీ అదే."

అత్తగారు రెండు చేతులూ చాచి ఆ గొట్టం అందుకుంది. పెదవులకి ఆనించుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

కోడలు వినాలని చూడలేదు. బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఎవరూ లోపలికి వెళ్లకుండా దానికి అడ్డంగా నిలబడింది.